చల్లగాలి వెనక మా చెమట

ప్లేనో అంటే మనవాళ్లకు గుర్తొచ్చేవి సాఫ్ట్‌వేర్ కొలువులు, మంచి బడులు, సందు తిరిగితే ఓ టిఫిన్ సెంటరు. ఆ ఆఫీసుల్లో, బడుల్లో, టిఫిన్ సెంటర్లలో చల్లగాలి ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. చూస్తే మేం కనిపిస్తాం! సీలింగు పలక పక్కకు జరిపి, నిచ్చెన చివర నిలబడి, నడుము పైభాగం చీకట్లో, కింది భాగం వెలుతురులో...

మేం ముగ్గురం ఏసీ మెకానిక్‌లం. ఇద్దరిది జగిత్యాల వైపు, మామా అల్లుళ్లు. ఒకరిది తణుకు. పెద్దవాళ్లం ఇద్దరం ఐటీఐలో రిఫ్రిజరేషన్, ఏసీ ట్రేడ్ చేసి దుబాయ్‌లో కొన్నేళ్లు పనిచేశాం. అక్కడే కలిశాం. ఇక్కడున్న అక్క ఒకరికి, అన్న ఒకరికి పెట్టిన పిటిషన్ మీద పదిహేనేళ్లకు పైగా ఎదురుచూసి అమెరికా వచ్చాం. మేనల్లుడు తల్లిదండ్రుల వెంట వచ్చి, అలెన్‌లో ఉన్న కాలిన్ కాలేజీ టెక్నికల్ క్యాంపస్‌లో ఇదే పని నేర్చుకున్నాడు. "అమెరికా పోయి కూడా పానా పట్టుడేనా?" అని ఊళ్లో అడిగినవాళ్లున్నారు. పట్టుడే! ఆ పానా కథే ఇది.

ఎండకు పెట్టింది పేరు

1960లో ప్లేనో జనాభా 3,695. పత్తి చేలు, పల్లెటూరి రోడ్లు. 2020 లెక్కల్లో 2,85,494. ఊరు ఇంతగా పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఉత్తరాన లెగసీ ప్రాంతంలో పెద్ద కంపెనీలు దిగాయి. జేసీపెన్నీ వచ్చింది. 2017లో టొయోటా తన ఉత్తర అమెరికా కేంద్రాన్ని ఇక్కడికి తెచ్చింది. అయితే ఏసీ లేకపోతే ఈ ఎండలో ఇన్ని గాజు భవనాలు ఎవరు కట్టేవారు?

ఈ ప్రాంతపు ఎండ రెంటచింతల, రామగుండం వాళ్లకు కూడా లోకువ కాదు. 1980 జూన్ 26, 27 తేదీల్లో డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో 113 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో 45 సెల్సియస్. 2011లో అయితే 71 రోజులు 100 డిగ్రీలు తాకాయి, అందులో 40 రోజులు వరసగా!

ఏసీని మొదట మనుషుల సుఖం కోసం కనిపెట్టలేదన్న సంగతి చాలామందికి తెలియదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగు ప్రెస్సులో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు దానికి విరుగుడు తయారుచేశాడు. టెక్సస్ ఈ యంత్రాన్ని త్వరగానే ఆదరించింది. 1928లో శాన్ ఆంటోనియోలో తెరిచిన మైలమ్ భవనం మొత్తం ఏసీ పెట్టిన తొలి ఎత్తయిన ఆఫీసు భవనంగా పేరుపొందింది. ఏసీలు చేసే లెనాక్స్ కంపెనీ ప్రధాన కార్యాలయం మా పక్క ఊరు రిచర్డ్‌సన్‌లోనే ఉంది.

సీలింగు మీద ఇంకో లోకం

షాపింగు వరసల్లో ఏసీ యూనిట్లు ఎక్కువగా డాబా మీదే ఉంటాయి. ఎండ మండినా గాలి ఆడుతుంది, చెయ్యి ఆడుతుంది. అసలు పరీక్ష లోపల పెట్టిన యంత్రాలతోనే. కొన్ని ఆఫీసు భవనాల్లో ప్రతి నాలుగైదు గదులకూ ఒక చిన్న హీట్ పంపును సీలింగు మీద వేలాడదీస్తారు. దానికి బయట ఫ్యాను ఉండదు. వేడిని నీటి పైపులోకి వదిలేస్తుంది, ఆ నీటిని కూలింగు టవర్ చల్లబరుస్తుంది. అంటే కంప్రెసరు కూడా ఎవరో ఒక మేనేజరు కుర్చీకి సరిగ్గా పైనే ఉంటుందన్నమాట.

అటకల్లో పెట్టే యంత్రాలకు ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ కొన్ని కొలతలు చెప్పింది. యంత్రం దగ్గరికి పోయే దారి కనీసం 30 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు ఉండాలి. పని చేసే వైపు 30 అంగుళాలకు 30 అంగుళాల చదును చోటు, పక్కనే దీపం, ప్లగ్గు ఉండాలి. 30 అంగుళాలంటే రెండున్నర అడుగులు. పాకొచ్చు. కూర్చుంటే నెత్తి తగులుతుంది.

కట్టినరోజు ఈ కొలతలన్నీ ఉంటాయి. ఆ తరువాత ఒకరొచ్చి నెట్ కేబుళ్లు లాగుతారు, ఇంకొకరొచ్చి కొత్త డక్టు వేస్తారు, అద్దెకొచ్చినవాళ్లు గోడ జరుపుతారు. పదేళ్లకు మేం ఎక్కేసరికి యంత్రం తలుపు సగమే తెరుచుకుంటుంది. పాత డౌన్‌టౌన్‌లో 15వ వీధి పక్కనున్న ఇటుక భవనాల్లో అయితే చెప్పక్కర్లేదు. అవి ఏసీ పుట్టకముందు కట్టుబడులు. వాటికి తరువాత అతికించిన చల్లదనం ఇది.

కంప్రెసరు నిజంగా పోయిందా?

పోయిన ఏడాది మన తెలుగాయన నడిపే కిరాణా కొట్టు నుంచి ఫోనొచ్చింది. "అన్నగారూ, కంప్రెసరు కాలిపోయిందంట. వేలల్లో చెబుతున్నారు. ఒకసారి మీరు కూడా చూస్తారా?" అంతకుముందు ఎవరో చూసి వెళ్లారు. పేరు మేం అడగలేదు.

కంప్రెసరు తిరగడం లేదంటే అది చచ్చిపోయిందని కాదు. ముందు కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, మీటరు పెట్టి నిజంగా ఆగిందో లేదో చూస్తాం. కెపాసిటర్ ఉంటే దాంట్లో మిగిలిన కరెంటు దింపుతాం. తరువాత కాంటాక్టర్, ఫ్యూజులు, ప్రెషర్ స్విచ్చులు ఒక్కొక్కటీ చూస్తాం. చివరికి కంప్రెసరు చుట్టల లెక్క. మూడు ఫేజుల మోటారైతే మూడు జతల రెసిస్టెన్సూ దాదాపు ఒక్కటే రావాలి. సింగిల్ ఫేజైతే కామన్ నుంచి స్టార్ట్, కామన్ నుంచి రన్ కలిపితే స్టార్ట్ నుంచి రన్‌కు వచ్చే లెక్కతో సరిపోవాలి. వైరుకూ ఒంటికీ మధ్య కరెంటు కారుతోందా అని మెగ్గర్ చెబుతుంది. ఇంకో మాట. కంప్రెసరు బాగా వేడెక్కితే లోపలి రక్షణ స్విచ్చు దాన్ని ఆపేస్తుంది, చల్లారడానికి గంటలు పట్టొచ్చు. తొందరపడినవాడు దాన్ని చూసి చచ్చిందనేస్తాడు.

ఆ కొట్లో జరిగిందీ అలాంటిదే. కాంటాక్టర్ పాయింట్లలో ఒకటి కాలి మూడు ఫేజుల్లో రెండే అందుతున్నాయి. కంప్రెసరు వేడెక్కి ఆగిపోతోంది. చల్లారాక చుట్టలు చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. కాంటాక్టర్ మార్చి, దుమ్ముతో మూసుకుపోయిన కండెన్సర్ కాయిల్ కడిగి వచ్చేశాం. ఒక్క పూట పని. కౌంటరు దగ్గరున్న పెద్దావిడ "దిగి మజ్జిగ తాగి పోండి నాయనా" అంది. ఆ మజ్జిగ రుచి బిల్లులో రాదు.

ఈ పనిలో మేం నేర్చుకున్నది ఒకటే. కంప్రెసరు ఊరికే పోదు, దాన్ని పోగొట్టిన కారణం ఇంకెక్కడో ఉంటుంది. కాయిల్ మూసుకుపోవడమో, గాలి ఆడకపోవడమో, గ్యాసు కారడమో, ఫేజు తగ్గడమో. ఆ కారణాన్ని వదిలేసి కొత్త కంప్రెసరు పెడితే అదీ అదే దారి పడుతుంది.

సందులో గుండె మార్పిడి

నిజంగా పోయినప్పుడు? అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఐదు టన్నుల యంత్రంలో ఉండే స్క్రోల్ కంప్రెసరు కాస్త అటూఇటుగా ముప్పై కిలోలు తూగుతుంది. నేల మీద అదేం బరువు కాదు. నెత్తి మీదికి, కేబుళ్ల మధ్య నుంచి, చేతులు చాచి ఎత్తాలంటే మాత్రం నడుము విరుగుతుంది. అందుకే చేత్తో తిప్పే లిఫ్టు తెస్తాం. సీలింగు చట్రం కొంత విప్పుతాం. పైన చిన్న ప్లైవుడ్ ముక్క పరిచి దాని మీద జరుపుతాం. భుజాల మీద మోయించే సూపర్‌వైజర్లు దుబాయ్‌లో ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. నడుము మాత్రం ఒక్కటే ఉంటుంది!

గ్యాసును గాల్లోకి వదలకూడదు. 1992 నుంచి అమెరికాలో అది నేరం. రికవరీ మెషిన్‌తో సిలిండర్లోకి లాగాలి. సీలింగు సందులో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ గ్యాసు గాలికంటే బరువు. ఇరుకు చోట కారితే ఊపిరాడదు, వాసనతో తెలియదు కూడా. మంట తగిలితే విషవాయువులు పుడతాయి.

పాత కంప్రెసరును మంటతో ఊడదీయం. పైపుల్లో మిగిలిన నూనె భగ్గున అంటుకోవచ్చు. కట్టర్‌తోనే కోస్తాం. వైర్లు విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకుంటాం. టెర్మినళ్ల మూత లేకుండా కరెంటు మాత్రం పెట్టం. ఆ పిన్ను ఊడితే వేడి నూనె, గ్యాసు మొహం మీదికి తన్నుతాయి.

కొత్తది అతికేటప్పుడు పైపులోంచి నైట్రోజన్ మెల్లగా పారుతుండాలి. లేకపోతే రాగి లోపల నల్లటి పొట్టు కట్టి, తరువాత అదే పోయి వాల్వులో అడ్డం పడుతుంది. సీలింగులో మంట పెట్టడమంటే భవనం వాళ్లకు ముందే చెప్పాలి, అనుమతి కాగితం తీసుకోవాలి. పక్కనే స్ప్రింక్లర్ ఉంటుంది. మామూలు రకం 155 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే తెరుచుకుంటుంది. ఒక్క నిమిషం ఏమరుపాటుకు ఆఫీసంతా చెరువవుతుంది. అందుకే తడిగుడ్డలు, మంట తగలని దుప్పటి, నిప్పు ఆర్పే సిలిండరు, వీటన్నిటికీ తోడు కింద కాపలాగా ఒక మనిషి. పని అయ్యాక కూడా గంటసేపు అక్కడే ఉంటాం.

ఇప్పటి కంప్రెసర్లలో ఉండే నూనె గాల్లో తేమను పీల్చేస్తుంది. అందుకే బిరడాలు చివరి నిమిషంలోనే తీస్తాం. పదిహేను నిమిషాలకు మించి తెరిచి ఉంచం. ఫిల్టర్ డ్రయర్ కొత్తది వేస్తాం. కాలిపోయిన కంప్రెసరైతే నూనెలో యాసిడ్ ఉందేమో చూసి, సక్షన్ లైనులో కూడా డ్రయర్ వేసి తరువాత తీసేస్తాం. నైట్రోజన్ నింపి లీకు చూస్తాం. ఆపైన వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దించి, పంపు ఆపి ముల్లు నిలబడిందో లేదో చూస్తాం. నిలబడకపోతే ఎక్కడో లీకో, తేమో ఉన్నట్టు. గ్యాసు మాత్రం అందాజుగా కొట్టడం కాదు, కాటా మీద తూచి నింపాలి.

స్విచ్చు వేశాక చెవి పెట్టి వింటాం. మూడు ఫేజుల స్క్రోల్ కంప్రెసరుకు రెండు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. గోల చేస్తుంది గానీ ప్రెషరు రాదు. వెంటనే ఆపి రెండు వైర్లు మార్చాలి. ఈ చిన్న విషయం తెలియక కొత్త కంప్రెసరును వాపసు పంపినవాళ్లను చూశాం.

ఆ జులై మధ్యాహ్నం

ఇప్పుడు చెప్పేది మేం గొప్పగా చెప్పుకునేది కాదు. అప్పట్లో మేం ముగ్గురం ఒక కంపెనీ కింద పనిచేస్తున్నాం. పేరు వద్దు. ఒక రెస్టారెంటు వెనక, రేకు కప్పు కింద ఉన్న అటకలో యంత్రం. బయట 104 డిగ్రీలు. అటకలో మా థర్మామీటరు 128 చూపించింది. అల్లుడు పనిలో చేరి అది మూడో రోజు. సన్నగా ఉంటాడు, సందులో పడతాడని వాణ్నే పైకి పంపాం. తప్పు మాది.

ఫోన్లో సూపర్‌వైజరు "సాయంత్రం రద్దీ లోపల అయిపోవాలి" అంటున్నాడు. మేం కింద పైపులు వంచుతున్నాం. ముప్పావు గంట గడిచింది. పైనుంచి పానా జారి పడింది. "ఏం తమ్మీ?" అని అడిగితే జవాబు లేదు. మళ్లీ పిలిస్తే, "మామా, తలుపు తియ్యి, బస్సొచ్చింది" అన్నాడు. అటకలో బస్సేంటి? ఆ మాటకు మాకు వెన్నులో వణుకు పుట్టింది.

మాలో ఒకరం పాక్కుంటూ వెళ్లి నడుముకు తాడు కట్టాం. ఒకరం పైనుంచి, ఒకరం నిచ్చెన మీద పట్టుకుని దించాం. రెస్టారెంటువాళ్ల ఐసు మిషన్ ఖాళీ చేసి మెడకు, చంకల్లో, గజ్జల దగ్గర ఐసు పెట్టాం. ఒళ్లంతా నీళ్లు పోశాం. 911కి ఫోన్ చేశాం. అంబులెన్సు వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో మాకు గుర్తులేదు. రాత్రి ఆస్పత్రిలో కళ్లు తెరిచి "యాక్సెప్టెన్స్ సంతకం అయిందా మామా?" అని అడిగాడు. ఆ పని సంతకం సంగతి మేం ఎప్పుడో మర్చిపోయాం. బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాం. అక్కకు ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు.

తరువాత తెలుసుకున్నది, అందరికీ తెలియాలని రాస్తున్నాం. మనిషి తికమకగా మాట్లాడితే అది అలసట కాదు, ఎండదెబ్బ. అప్పుడు ఆగి ఆలోచించడం ఉండదు, చల్లబరచడం, 911 పిలవడమే. ఆరుబయట ఎండకు చనిపోయే కార్మికుల్లో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెబుతోంది. ఒళ్లు ఎండకు అలవాటు పడాలి. అందుకే కొత్తవాడికి మొదటిరోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకింత పెంచమంటుంది. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒక కప్పు నీళ్లు తాగమంటుంది. దాహం వేసేదాకా ఆగొద్దంటుంది.

దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని రూలుంది. టెక్సస్‌లో అలాంటి గంట లేదు. డాలస్ నగరం 2015లో భవన నిర్మాణ కార్మికులకు నాలుగు గంటలకోసారి పది నిమిషాల విరామం పెడితే, ఇలాంటి నగర నిబంధనలకు అడ్డుకట్ట వేస్తూ రాష్ట్ర శాసనసభ 2023లో చట్టం చేసింది. కాబట్టి మన గంట మనమే పెట్టుకోవాలి. ప్రమాదం ఉందనిపిస్తే ఓషాకు 1-800-321-6742లో చెప్పొచ్చు. పేరు బయటపెట్టొద్దని కోరవచ్చు. వీసా ఏదైనా ఈ రక్షణ వర్తిస్తుంది.

గ్యాసులు మారాయి

మేం నేర్చుకున్నది ఆర్-22 మీద. అమెరికాలో కొత్తగా దాని తయారీ, దిగుమతి 2020 జనవరి 1తో ఆగాయి. తరువాత వచ్చిన ఆర్-410ఏకీ వయసైపోయింది. భూమిని వేడెక్కించే లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు అది 2,088 రెట్లు. దాని బదులు ఆర్-32, ఆర్-454బి వస్తున్నాయి. ఆర్-454బి లెక్క 466 మాత్రమే. అయితే ఇవి మెల్లగా మండే రకం. ఇరుకు సీలింగులో మంట పట్టుకున్నవాడు ఈ మాట రెండుసార్లు వినాలి. ముందు గ్యాసు మొత్తం లాగి, నైట్రోజన్‌తో కడిగి, కారుతోందా అని డిటెక్టర్‌తో చూసుకున్నాకే టార్చి.

గ్యాసు ముట్టుకోవాలంటే 608 సర్టిఫికెట్ ఉండాలి. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 ప్రశ్నలు. అన్నీ పాసైతే యూనివర్సల్. ఒకసారి వస్తే గడువు తీరదు. టెక్సస్‌లో పని చేయడానికి రాష్ట్ర లైసెన్సింగు శాఖ టీడీఎల్ఆర్‌లో టెక్నీషియన్‌గా పేరు నమోదు చేసుకోవాలి. సొంతంగా కాంట్రాక్టరు కావాలంటే గత 72 నెలల్లో లైసెన్సున్న కాంట్రాక్టరు కింద 48 నెలల అనుభవం చూపించి పరీక్ష రాయాలి. బి క్లాసు లైసెన్సు 25 టన్నుల దాకా, ఏ క్లాసుకు హద్దు లేదు. ఒక టన్నంటే గంటకు 12,000 బీటీయూల వేడి లాగడం. మా పెద్దాయన రాత్రిళ్లు వంటగదిలో కూర్చుని చదివి రెండో ప్రయత్నంలో పాసయ్యాడు. ఇప్పుడు మా వ్యాను మీద మా లైసెన్సు నంబరే ఉంది.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు

మస్కట్, కువైట్, దోహాల్లో ఇదే పని చేస్తున్న మనవాళ్లు ఎందరో ఈ పేజీ చదువుతారు. "అన్నా, అమెరికాకు ఏసీ మెకానిక్ వీసా ఇప్పిస్తనంటుండు, నాలుగు లక్షలు అడుగుతుండు" అని మాకూ ఫోన్లొస్తాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకొచ్చే హెచ్-1బీ మన పనికి రాదు. డబ్బు కట్టేముందు పదిమందిని అడగండి. కాగితం మీద కంపెనీ పేరు, పిటిషన్ నంబరు లేకుండా పైసా ఇవ్వకండి.

ఎక్కడున్నా మీ అనుభవానికి రుజువులు దాచుకోండి. ఐటీఐ సర్టిఫికెట్, కంపెనీ లెటర్లు, చేసిన కోర్సుల కాగితాలు. మీటరు చదవడం, వ్యాక్యూమ్ సరిగా పెట్టడం, ఇంగ్లిషులో నాలుగు ముక్కలు రాయడం నేర్చుకోండి. ఇరుకు చోటికి ఒంటరిగా ఎక్కకండి. కింద ఒక మనిషి, చేతికందేలా నీళ్లు, బయటికి దారి... ఈ మూడూ ఉన్నాకే నిచ్చెన.

మా అల్లుడు మళ్లీ పనిలోకి వస్తానంటే మొదట మేమే వద్దన్నాం. వాడు వినలేదు. ఇప్పుడు పైకి ఎక్కేముందు ఫోన్లో పదిహేను నిమిషాల అలారం పెట్టుకుంటాడు. అది మోగితే టార్చి చేతిలో ఉన్నా ఆర్పేసి దిగుతాడు, నీళ్లు తాగుతాడు. మొదట్లో పని ఆగిపోతోందని లోపల గునిసేవాళ్లం. ఇప్పుడు వాడి అలారానికి మేమూ దిగుతున్నాం.